వొనేజ్ మెడకు చుట్టుకున్న రెండు పేటెంట్లు

అమెరికాలో ఇంటర్నెట్ ఫోన్ కంపెనీల మధ్య ధరల పోటీ కోర్టుకెక్కిన తీరు తెలియాలంటే 2006 నుంచి చూడాలి. ఇంట్లోని మామూలు ఫోన్‌ను ఒక చిన్న అడాప్టర్ పెట్టెకు, ఆ పెట్టెను బ్రాడ్‌బ్యాండ్‌కు తగిలిస్తే చాలు, నెలకు 24.99 డాలర్లకే అమెరికా, కెనడాల్లో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ప్రకటనలు గుప్పించి, న్యూజెర్సీకి చెందిన వొనేజ్ లక్షల మంది ఖాతాదారులను కూడగట్టుకుంది. ఆ ఏడాది మే 24న తొలిసారి షేర్లు అమ్మి 53.1 కోట్ల డాలర్లు సమీకరించింది. నెల తిరగకుండానే పెద్ద టెలిఫోన్ కంపెనీ వెరిజాన్ దానిపై పేటెంట్ దావా వేసింది. ఆ సమయం యాదృచ్ఛికమంటే నమ్మడం కష్టమే.

వెరిజాన్ పట్టుకున్నది ఆయువుపట్టునే. టెలిఫోన్ నెట్‌వర్క్‌కు నంబరు తెలిస్తే చాలు, ఇంటర్నెట్‌కు మాత్రం చిరునామా కావాలి. డయల్ చేసిన నంబరును, అవతలి చందాదారు పెట్టుకున్న షరతులను బట్టి, ఇంటర్నెట్ చిరునామాగానో మరో నంబరుగానో మార్చి చెప్పే సర్వర్ మధ్యలో ఉండాలి. ఈ మార్పిడి పద్ధతికి సంబంధించిన పేటెంట్లు, వెరిజాన్‌కు పూర్వరూపమైన బెల్ అట్లాంటిక్ 1990ల చివర్లో పెట్టిన దరఖాస్తుల నుంచి వచ్చాయి. ఎదురు దావా వేసి బేరమాడేందుకు వొనేజ్ దగ్గర చెప్పుకోదగ్గ పేటెంట్లు లేవు.

2007 మార్చి 8న వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఫెడరల్ కోర్టులో జ్యూరీ మూడు పేటెంట్లను వొనేజ్ ఉల్లంఘించిందని తేల్చి, 5.8 కోట్ల డాలర్ల పరిహారంతో పాటు ఇకపై రాబడిలో 5.5 శాతం రాయల్టీ చెల్లించాలని చెప్పింది. ఏప్రిల్ 6న జడ్జి క్లాడ్ హిల్టన్ కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆదేశించగా, అప్పీలు కోర్టు అదే రోజు స్టే ఇచ్చింది. వారం తిరగకముందే కంపెనీ సీఈఓ రాజీనామా చేశారు. మరో టెలిఫోన్ కంపెనీ స్ప్రింట్ వేసిన వేరే పేటెంట్ దావాలో సెప్టెంబరు 25న కాన్సస్‌లో జ్యూరీ ఆ కంపెనీకి వొనేజ్ 6.95 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. ఆ మర్నాడే అప్పీలు కోర్టు వెరిజాన్ పేటెంట్లలో రెండింటి ఉల్లంఘనను ఖరారు చేసి, పరిహారం లెక్కను తిరిగి కింది కోర్టుకు పంపింది. ఇక వొనేజ్ రాజీలకు దిగింది: స్ప్రింట్‌కు 8 కోట్లు, వెరిజాన్‌కు గరిష్ఠంగా 12 కోట్లు, అలాంటి దావానే వేసిన టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీకి 3.9 కోట్ల డాలర్లు. షేర్ల అమ్మకంతో వచ్చిన సొమ్ములో ఇది దాదాపు 45 శాతం. అయితే అదే రంగంలోని సన్‌రాకెట్ ఇలాంటి తీర్పేదీ లేకుండానే ఆ జులైలో మూతపడింది కనుక, వొనేజ్ కష్టాలన్నిటినీ పేటెంట్ల ఖాతాలోనే వేయలేం.

అసలు విశేషం తర్వాత జరిగింది. 2008లో వెరిజాన్ కేబుల్ సంస్థ కాక్స్‌పైనా దావా నడిపింది. వొనేజ్‌ను లొంగదీసిన ఆ రెండు పేటెంట్లూ అందులో ఉన్నాయి. కాక్స్ రాజీ పడకుండా జ్యూరీ దాకా వెళ్లింది. అక్టోబరులో జ్యూరీ ఉల్లంఘన లేదని చెప్పడమే కాక, ఆ రెండు పేటెంట్లలో వెరిజాన్ ఆధారపడిన అంశాలు అంతకుముందే ఉన్నవేనని, చెల్లవని తేల్చింది. 2010లో అప్పీలు కోర్టూ ఆ తీర్పును సమర్థించింది. వొనేజ్ రాజీపత్రం మీద సంతకం చేసి అప్పటికి రెండేళ్లు దాటింది.