చెయ్యి ఏ రోజు దెబ్బతింది?

మిషన్‌లో పడి వేలు తెగితే దానికి తారీఖు ఉంటుంది, టైము ఉంటుంది, పక్కన చూసినవాళ్లూ ఉంటారు. అదే కీబోర్డు మీదో కుట్టుమిషన్ మీదో ఏళ్ల తరబడి ఒకే పని చేసి చేసి మణికట్టు పట్టేస్తే? ఫలానా రోజు చెయ్యి పోయిందని ఎలా రాయాలి? పరిహార చట్టాలు ఈ ప్రశ్న దగ్గర వందేళ్లకు పైగా తడబడుతూనే ఉన్నాయి.

జబ్బు మాత్రం పాతదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1713లో తన వృత్తి రోగాల పుస్తకాన్ని పెంచి వేసినప్పుడు అందులో రాతపని చేసేవాళ్లనూ చేర్చాడు. ఒక నోటరీకి రాసి రాసి కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడట. కొన్నాళ్లకు అదీ పడిపోయింది. రమజ్జినీ చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా ఆడించడం, తప్పు పోకూడదన్న టెన్షన్. ఈనాటి ఆఫీసుకు ఇందులో ఒక్క మాటా మార్చనక్కర్లేదు.

చట్టంలోకి ఇది టెలిగ్రాఫ్ వెంట వచ్చింది. రోజంతా టెలిగ్రాఫ్ సందేశాలు పంపే మోర్స్ మీట నొక్కేవాళ్లకు చెయ్యి బిగుసుకుపోయేది. బ్రిటన్ 1906 నాటి పరిహార చట్టం ఆరు వృత్తి రోగాలతో మొదలైంది. 1908లో 'టెలిగ్రాఫిస్ట్ క్రాంప్' కూడా అందులో చేరింది. అయితే 1911లో దీన్ని పరిశీలించిన ప్రభుత్వ కమిటీ, పని అలసటతో పాటు ఉద్యోగి నరాల బలహీనత కూడా కారణమేనంది. తప్పు పనిదా, మనిషిదా అన్న వాదన అక్కడి నుంచి ఈ జబ్బును వదల్లేదు. 1980లలో ఆస్ట్రేలియా టెలిఫోన్ సంస్థ టెలికాం ఆస్ట్రేలియాలో సుమారు 4 వేల మంది ఇలాంటి చేతి నొప్పి గురించి ఫిర్యాదు చేస్తే, గిట్టనివాళ్లు దానికి 'కంగారూ పా' (కంగారూ పంజా) అని పేరు పెట్టి నవ్వారు. 1993లో లండన్‌లో ఒక జర్నలిస్టు రాయిటర్స్ వార్తాసంస్థ మీద వేసిన దావా కొట్టేస్తూ, ఆర్ఎస్ఐ (ఒకే పని పదేపదే చేయడం వల్ల వచ్చే గాయం) అనే మాటకు వైద్య గ్రంథాల్లో చోటే లేదన్నాడు జడ్జి. అమెరికాలో క్లింటన్ ప్రభుత్వం 2000 నవంబర్‌లో తెచ్చిన ఎర్గానమిక్స్ (పనిని ఒంటికి అనువుగా మార్చే) నిబంధనలను అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ 2001 మార్చిలోనే రద్దు చేసింది.

మన కార్మిక పరిహార చట్టం 1923లో వచ్చింది, బ్రిటిష్ అచ్చులోనే పోసినది. ప్రమాదం జరిగితే పరిహారం. రోగమైతే మూడో షెడ్యూలులో, అంటే చట్టానికి జతచేసిన వృత్తి రోగాల జాబితాలో, పేరుండాలి. పేరు లేకపోతే, ఆ రోగం పనిలో జరిగిన ఒక నిర్దిష్ట ప్రమాదపు గాయం వల్లే వచ్చిందని చూపాలి. ఆ చట్టం 3(4) సెక్షన్ చెప్పింది ఇదే. మెల్లమెల్లగా అరిగిపోయిన చెయ్యికి అలాంటి ప్రమాదం ఎక్కడి నుంచి తెస్తాం?

షెడ్యూలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. సీసం, పాదరసం, పత్తి దుమ్ము, చప్పుడు వల్ల చెవుడు ఉన్నాయి. మంచు ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు మంచు వెలుగు వల్ల వచ్చే చూపు సమస్య కూడా ఉంది. మణికట్టు మాత్రం లేదు. పైగా చాలా పనుల విషయంలో గుమాస్తాలకు ఈ చట్టమే వర్తించేది కాదు. 2009 సవరణ ఆ మినహాయింపును తీసేసి, 'వర్క్‌మన్' బదులు 'ఎంప్లాయీ' అని మార్చింది. అంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు తలుపు తెరుచుకునేసరికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వెలిసి ఏళ్లు గడిచాయి. లోపలికి వెళ్లినా షెడ్యూలు అడ్డం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో కార్పల్ టనల్ సిండ్రోమ్ (మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు), మణికట్టు స్నాయువుల వాపు, మోచేతి నొప్పి పేర్లతో సహా ఉన్నాయి. 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మాత్రం దాదాపు పాత షెడ్యూలునే మోసుకొచ్చింది.

ఐటీ ఉద్యోగికి కనీసం హాజరు రికార్డు, మెడికల్ లీవు కాగితం ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంటి దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి వేరు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. మళ్లీ మొదటి నుంచి అదే. కూలి వెయ్యి బీడీల లెక్కన. వేళ్లు లాగుతున్నాయని ఒక పూట ఆగితే ఆ పూట కూలి రాదు, అంతకుమించి ఎక్కడా ఏమీ నమోదు కాదు. రేపు పరిహారం కోసం ఏ అధికారి ముందుకైనా వెళ్తే చూపించడానికి ఆమె దగ్గర ఉండేది ఆ చెయ్యే.