ఒక్కపొద్దు వేరు, లంఖణం వేరు

మా అమ్మకు శనివారం ఒక్కపొద్దు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. హన్మకొండలో మా వాడకట్టులో ఇంటికొకరైనా ఇట్లాంటి వాళ్లుంటారు. శివుడికని సోమవారం, సాయిబాబాకని గురువారం, వెంకన్నకని శనివారం. ఒక్కపొద్దు అనే మాట ఎంత కచ్చితమైందో జీవశాస్త్రం పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గాని నాకు తట్టలేదు. రోజులో ఒక పొద్దు తిని, ఇంకో పొద్దు వదిలేయడం. అసలే తినొద్దని అందులో ఎక్కడా లేదు. అదే ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలితే అమ్మ ఆ మాట అనదు. "ఇయ్యాల లంఖణం ఉండు బిడ్డా, రేపటికి జెరం ఇడుస్తది" అంటుంది. దేవుడి కోసం మానేది ఒకటి, రోగం కోసం మానేది ఇంకొకటి. రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయి.

కరోనా తర్వాత ఈ రెండింటి మధ్యకు ఇమ్యూనిటీ అనే మాట వచ్చి చేరింది. పొద్దున భద్రకాళి బండ్ మీద నడిచేటప్పుడు, పెళ్లిలో బంతికి కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "సార్, ఉపాసం ఉంటే ఇమ్యూనిటీ పెరుగుతదట గదా?" ఫోన్లలో తిరిగే వీడియోలైతే మూడు రోజులు మంచినీళ్ల మీద ఉంటే రోగనిరోధక వ్యవస్థ మొత్తం కొత్తగా పుడుతుందని చెబుతున్నాయి. అది నమ్మి, ఒకపక్క షుగర్ గోలీలు వేసుకుంటూనే కడుపు మాడ్చుకునే వాళ్లను చూస్తున్నాను. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నామనుకుందాం. అది గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి పంపిస్తుంది. మిగిలింది గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచిపెట్టుకుంటాం. కాలేయంలో పట్టేది దాదాపు 100 గ్రాములే, అంటే 400 కిలోక్యాలరీలు. కాకతీయులు తవ్వించిన గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు తక్కినది చెప్పడం తేలిక. కాలేయంలోని గ్లైకోజెన్ ఊరి పక్క కుంట. అది నిండి మత్తడి దుంకితే ఆ శక్తి పాకాల లాంటి పెద్ద చెరువుకు చేరుతుంది. ఆ పెద్ద చెరువే కొవ్వు. ఒంట్లో 15 కిలోల కొవ్వున్న మనిషి దగ్గర లక్షకు పైగా కిలోక్యాలరీలున్నట్టు లెక్క. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపు ఆ చెరువు తూము మూసే ఉంటుంది. తిండి ఆగి, ఇన్సులిన్ తగ్గి, కుంట అడుగంటుతున్నప్పుడు తూము లేస్తుంది. మామూలుగా 12 గంటలు దాటాక కొవ్వు కరగడం జోరందుకుంటుంది, కాలేయం దాన్ని కీటోన్లు అనే ఇంధనంగా మార్చడం పెరుగుతుంది. ఒక రోజు గడిచేసరికి కుంట దాదాపు ఎండిపోతుంది. మెదడు కొవ్వును నేరుగా వాడుకోలేదు, కీటోన్లను మాత్రం వాడుకోగలదు. వారాల తరబడి తిండి లేకుండా ఉన్న మనుషుల్లో కొలతలు తీసి 1967లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ కాహిల్ బృందం తేల్చిన విషయమిది.

ఇప్పుడు మన ఒక్కపొద్దును ఈ లెక్కలో పెట్టి చూడండి. పొద్దున చాయ్, పదింటికి రెండు అరటిపండ్లు, మధ్యాహ్నం అన్నం, రాత్రికి పూరీలు గాని ఉప్మా గాని. నిజామాబాద్, ఆదిలాబాద్ దిక్కు ఐతే సాబుదానా కిచిడీ. సగ్గుబియ్యమంటే దాదాపు అంతా పిండిపదార్థమే, దాంట్లో పల్లీలు, నూనె. తూము లేచే సందే ఉండదు. భక్తికి లోటేం లేదు గాని, ఒంటి లెక్కలో అది ఉపవాసం కిందికి రాదు. శివరాత్రి నాడు పగలంతా ఏమీ ముట్టక, పొద్దుగూకినంక ఉడకబెట్టిన కందగడ్డతో, ఖర్బూజ ముక్కలతో ఒక్కపొద్దు ఇడిచే పాత పద్ధతే అసలు ఉపవాసానికి దగ్గర.

కణాలు తమ చెత్తను తామే శుభ్రం చేసుకుంటాయన్న మాట మీరూ వినే ఉంటారు. దాన్ని ఆటోఫేజీ అంటారు, స్వభక్షణం అనుకోవచ్చు. 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ ఆ పేరు పెట్టాడు. అది ఎట్లా నడుస్తుందో, ఏ జన్యువులు నడిపిస్తాయో ఈస్ట్ కణాల మీద 1990లలో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి కనిపెట్టాడు. ఆ పనికి 2016లో నోబెల్ వచ్చింది. ఈస్టుకు ఆహారం ఆపేస్తే కొన్ని గంటల్లోనే కణం లోపలి పాత సామాను చిన్న చిన్న సంచుల్లోకి చేరడం ఆయన మైక్రోస్కోపులో చూశాడు. ఆ ఆవిష్కరణ అంటే నాకు చాలా గౌరవం. పాఠం చెప్పిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. కాని ఓసుమి ఎవరినీ 16 గంటలు తినకుండా ఉండమని చెప్పలేదు. ఎలుకల పరీక్షలు చూపించి చెప్పేవాళ్లున్నారు గాని, చిట్టెలుకను ఒక రోజు పస్తు పెడితే దాని బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది. 60 కిలోల మనిషికి అది ఆరు కిలోలతో సమానం. కాబట్టి ఎలుకకు ఒక రోజంటే మనకూ ఒక రోజని లెక్కవేయడం పొరపాటు. మనిషి కాలేయంలో ఇప్పుడు ఆటోఫేజీ ఎంత నడుస్తోందో చెప్పే మామూలు రక్తపరీక్ష కూడా లేదు. "16 గంటలకు శుద్ధి మొదలు" అని గడియారం బొమ్మ గీసి చూపించేవాళ్ల దగ్గర అట్లాంటి కొలత ఏదీ లేదు.

ఇక ఇమ్యూనిటీ. రోగనిరోధక శక్తి సెల్‌ఫోన్ బ్యాటరీ కాదు, ఇన్ని శాతమని పెరగడానికి. అందులో ఎముకమూలుగ, తెల్లకణాలు, యాంటీబాడీలు, పేగు గోడలు, వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) పుట్టించే, అణిచే రసాయనాలు ఇన్ని ఉన్నాయి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే దాన్ని ఏ పేరుతో పిలవాలి?

2019లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులను 19 గంటలు తినకుండా ఉంచి రక్తం పరీక్షించారు. మోనోసైట్లు అనే తెల్లకణాల సంఖ్య రక్తంలో తగ్గింది. వాపును రగిలించేవాటిలో ఈ కణాలు ముఖ్యమైనవి. షుగర్, గుండెజబ్బు, కీళ్లవాతం లాంటి దీర్ఘరోగాల్లో ఒంట్లో సన్నటి వాపు ఎప్పుడూ రాజుకుంటూనే ఉంటుంది, కాబట్టి అవి తగ్గడం మంచి కబురే. ఆ కణాలు పోయిందెక్కడికి? 2023లో అదే సంస్థ నుంచి ఎలుకల మీద వచ్చిన పరిశోధన జవాబు చెప్పింది. అవి తిరిగి ఎముకమూలుగలోకి వెళ్లి ఆగాయి. 24 గంటల పస్తు తర్వాత తిండి పెట్టగానే గుంపుగా రక్తంలోకి దూకాయి. సరిగ్గా అప్పుడే ఊపిరితిత్తులకు బ్యాక్టీరియా సోకించి చూస్తే, పస్తున్న ఎలుకలకే వాపు ఎక్కువైంది, జబ్బు ముదిరింది. ఒకే ఉపవాసం ఒకచోట మేలు, ఒకచోట కీడు. దీన్ని "ఇమ్యూనిటీ పెరిగింది" అనలేం, "తగ్గింది" అని కూడా అనలేం. పద్ధతి మారిందనాలి.

మూడు రోజుల మాట వెనుక ఎక్కువగా ఉన్నది కూడా ఎలుకల పరిశోధనే. 2014లో శాస్త్రవేత్త వాల్టర్ లాంగో బృందం క్యాన్సర్‌కు వాడే కీమోథెరపీ ఇచ్చిన ఎలుకలను విడతలు విడతలుగా పస్తు పెడితే, ముందు తెల్లకణాలు తగ్గి, తర్వాత మూలకణాలు కదిలి కొత్తవి పుట్టాయి. ముఖ్యమైన పరిశోధనే. అది వీడియోల్లోకి వచ్చేసరికి ఎలుకా పోయింది, కీమో కూడా పోయింది, మూడు రోజులు మాత్రం మిగిలింది.

లంఖణం సంగతి నాకు ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. లంఖణం పరమౌషధం అనే సామెత తెలియని తెలుగు ఇల్లు లేదు. జ్వరంలో నోరు చేదై, అన్నం సహించకపోవడం కూడా ఒళ్లు తనకు తానుగా చేసుకునే ఏర్పాటే. 2016లో యేల్ విశ్వవిద్యాలయంలో రుస్లాన్ మెద్జితోవ్ బృందం దాన్ని పరీక్షకు పెట్టింది. లిస్టీరియా బ్యాక్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తిండి ఎక్కిస్తే అవి చచ్చిపోయాయి. ఆ తిండిలో కీడు చేసింది గ్లూకోజు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన ఎలుకల్లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. తిండి పెట్టినవి ఎక్కువ బతికాయి, గ్లూకోజు వాడుకోకుండా అడ్డుకుంటే చచ్చిపోయాయి. ఏ రోగానికి లంఖణం అన్న ప్రశ్న అడగకుండా ఔషధం ఇవ్వకూడదన్నమాట. ఈ జాగ్రత్త మన పాత వైద్యానికీ తెలుసు. జ్వరం మొదట్లో లంఖణం చెప్పిన చరకుడే, క్షయం వల్ల, వాతం వల్ల, భయం, కోపం, దుఃఖం, శ్రమ వల్ల వచ్చిన జ్వరాలకు అది తగదని అదే శ్లోకంలో మినహాయించాడు. మనం సామెతను దాచుకున్నాం, మినహాయింపును జారవిడుచుకున్నాం. మా అమ్మ చిన్నతనంలో టైఫాయిడ్ వస్తే రోజుల తరబడి లంఖణాలు పెట్టి, లేచి నిలబడలేని స్థితికి వచ్చాక పథ్యం పెట్టేవాళ్లట. ఇప్పటికీ పిల్లలకు విరేచనాలైతే తిండి ఆపే ఇళ్లున్నాయి. అది చాలా ప్రమాదం. ఓఆర్‌ఎస్ తాగిస్తూ, తల్లిపాలు గాని, పలుచని జావ, మెత్తటి అన్నం గాని పెడుతూనే ఉండాలి. పెద్దలకైనా జ్వరంలో ఒకటి రెండు పూటలు ఆకలి లేకపోతే బలవంతం చేయనక్కర లేదు. నీళ్లు, గంజి మాత్రం ఆపొద్దు.

తిండి తక్కువైతే ఇమ్యూనిటీకి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎలుకల దాకా పోనవసరం లేదు. జార్ఖండ్‌లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లలోని 10,345 మంది మీద జరిగిన రేషన్స్ అనే పరిశోధన 2023లో అచ్చయింది. సగం ఇళ్లలో కుటుంబసభ్యులకు కూడా నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ గోలీలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, టీకా లేదు, అన్నం పప్పుతోనే. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు రోజంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే అక్కలు వారంలో రెండు మూడు ఒక్కపొద్దులుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. ఆ పెద్ద చెరువులో నీళ్లే లేనివాళ్లకు తూము లేపే వైద్యం చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు, బక్కపల్చని ముసలివాళ్లకు కూడా ఇదే మాట.

మరి చెరువు పొంగిపొర్లేవాళ్లకు? పొట్ట వచ్చి, షుగర్ అంచున ఉన్నవాళ్లకు తిండి వేళలు కుదించుకోవడం నిజంగా పనికొస్తుంది. ఐతే మేలు చేసేది ఎక్కువగా తక్కువ తినడమే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నవాళ్లు 8 కిలోలు తగ్గారు. అన్నే క్యాలరీలను ఇష్టమైన వేళల్లో తిన్నవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడాను గణాంకాలు తేడాగా ఒప్పుకోలేదు. క్యాలరీలు లెక్కపెట్టడం మనలాంటి ఇళ్లలో అయ్యే పని కాదు, గడియారం చూడటం తేలిక, అందుకే ఈ పద్ధతి చాలామందికి నప్పుతుంది.

ఏ పూట మానాలన్నది మాత్రం చూసుకోవాలి. పొద్దున పనిచేసినంత చురుగ్గా రాత్రి ఇన్సులిన్ పనిచేయదు. 2018లో షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లు మధ్యాహ్నం మూడు లోపే రాత్రి భోజనం ముగించి ఐదు వారాలుంటే, బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు బాగుపడింది, రక్తపోటు తగ్గింది. ఎనిమిది మందే కదా, దాని మీద ఎంతో బరువు పెట్టలేం. ఐనా దారి చూపిస్తోంది. మన దగ్గర జరుగుతున్నదేమో పొద్దున టిఫిన్ మానేసి, దుకాణం కట్టేసి రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని, 16 గంటల ఉపవాసం చేశామని చెప్పుకోవడం. పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. పొద్దుగూకాక ముద్ద ముట్టని జైనులు ఒకప్పుడు ఈ హన్మకొండలోనే ఉండేవాళ్లు.

షుగర్ గోలీలు వేసుకునేవాళ్ల కోసం ఇంకొంచెం చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు మనం తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ను బయటికి తోస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేసుకుని పొడుగు ఉపవాసం చేస్తే, మీటరులో షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదముంది. 13 దేశాల్లో 12,243 మంది ముస్లిం షుగర్ రోగులను పరిశీలించిన ఎపిడియార్ సర్వేలో, రంజాన్ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం టైప్ 2 వాళ్లలో 7.5 రెట్లు పెరిగింది. ఆ తర్వాతి నుంచి డాక్టర్ల సంఘాలు రంజాన్‌కు ముందే గోలీల మోతాదు, వేళ మార్చే పద్ధతులు రాసిపెట్టాయి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోదని, 70కి తగ్గినా 300 దాటినా వెంటనే విరమించాలని అందులో ఉంది. మండిబజార్‌లో నాకు తెలిసిన కొందరు పెద్దమనుషులు నెల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి మార్పించుకుంటారు. శనివారాలకు, ఏకాదశులకు మనం ఆ పని చేయం. నీళ్లు కూడా ముట్టని నిర్జల ఏకాదశి వచ్చేది రామగుండం నిప్పుల కొలిమిలా ఉండే రోజుల్లోనే. ఆ ఎండలో మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లు నీళ్లు మానడం అస్సలు వద్దు.

అమ్మ ఒక శనివారం గోలీ వేసుకుని, ఉత్త చాయ్ తాగి, మధ్యాహ్నం దాకా పూజలో కూర్చుని పడిపోయింది. చెమటలు, వణుకు, మాట తడబడటం. గాలి సోకిందన్నారు చుట్టుపక్కలవాళ్లు. చక్కెర నీళ్లు పట్టాక తేరుకుంది. డాక్టరు ఒక్కపొద్దు మానమనలేదు, శనివారానికి గోలీ లెక్క వేరే రాసిచ్చాడు. మొన్న తొలి ఏకాదశి నాడు పేలపిండి గిన్నె పక్కనే మీటరు పెట్టుకుంది. సాయంత్రం నాలుగింటికి చూస్తే 68. దీపం దిక్కు ఒకసారి చూసి, "ఆయనకు తెల్వదా బిడ్డా" అని బెల్లం నీళ్లు కలుపుకుని తాగింది. పావుగంటకు మళ్లీ గుచ్చి చూస్తే 94. అప్పుడు పేలపిండి తెచ్చి నా చేతిలో కూడా ఇంత పెట్టింది.