ఇడ్లీ ముక్క జారిన వేళ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

పెద్దతాతయ్య కుడిచెయ్యి ఎందుకలా ముడుచుకుపోయిందని మొన్న సెలవుల్లో అడిగారు. నాయనమ్మ "పక్షవాతం వచ్చింది" అని ఊరుకుంది. అది సగం జవాబే. మిగతా సగంలో నా తప్పు ఉంది కనుక నేనే చెప్పాలి.

ఆ రోజు ఉదయం ఏడున్నరకు కంచరపాలెం ఇంట్లో ఇద్దరం ఇడ్లీ తింటున్నాం. అన్నయ్య చేతిలోని ముక్క జారి కంచంలో పడింది. మళ్లీ తీశాడు, మళ్లీ జారింది. నేను నవ్వాను కూడా. ఏదో అనబోయాడు, మాట ముద్దగా వచ్చింది. కుడివైపు పెదవి చివర నుంచి చట్నీ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. షుగర్ పడిపోయిందేమోనని మా వదిన పంచదార నీళ్లు పట్టింది. అవీ కారిపోయాయి. (అలాంటప్పుడు ఏమీ తాగించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాకప్పుడు తెలియదు.) "రాత్రి నిద్ర చాలలేదు, కాసేపు పడుకో" అన్నది నేనే.

ఎక్కడా నొప్పి అనలేదు. అదే మమ్మల్ని ముంచింది. గుండెపోటు వచ్చినవాడు ఛాతీ పట్టుకుంటే ఇల్లంతా పరుగులు పెడుతుంది. పక్షవాతం మెదడులో వచ్చేది, మెదడుకు మాత్రం తన నొప్పి తనకు తెలిపే నరాలు లేవు. రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతున్నా మనిషి మౌనంగా మంచం మీద పడుకునే ఉంటాడు.

మీ పెదనాన్న స్టీల్ ప్లాంటులో మొదటి షిఫ్టు. రెండింటికి దిగుతాడు, వచ్చాక చూద్దామనుకున్నాం. ఈలోగా ఒకావిడ పావురం రక్తం రాయమంది. వీధి చివరి వైద్యుడు సెలైన్ పెట్టాడు. పెదనాన్న వచ్చాక తీసుకెళ్లిన చిన్న ఆసుపత్రిలో మెదడు లోపలి చిత్రం తీసే సీటీ స్కానే లేదు. పెద్ద ఆసుపత్రి మా ఇంటికి ఆటోలో అరగంట దూరం. మేము అక్కడికి చేరేసరికి నాలుగు దాటింది.

అక్కడి డాక్టరమ్మ మొదటి ప్రశ్న: "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" వదిన పొద్దున అంది. పెదనాన్న పదింటికి అన్నాడు. ఇడ్లీ ముక్క చూసినవాణ్ని నేను, నాకు నోరు పెగల్లేదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే ఇవ్వాలట. నిద్రలేచేసరికే పక్షవాతం వచ్చి ఉంటే పడుకున్న వేళ నుంచి లెక్కిస్తారు. స్కాన్ ఎందుకంటే, కొందరిలో గడ్డ కాదు, నాళం చిట్లి రక్తం కారుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అలాంటివారికి కరిగించే మందు ప్రాణాంతకం. ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదన్నదీ అందుకే. తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతి కూడా ఉంది. అది కొందరికి 24 గంటల వరకు పనికొస్తుంది కనుక, ఆలస్యమైందని ఇంట్లో కూర్చోవడం మరో తప్పు.

మీరేం చేయాలని అడుగుతారు కదా. ఎవరికైనా అకస్మాత్తుగా తేడాగా అనిపిస్తే నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందేమో చూడండి. రెండు చేతులూ చాచమనండి, ఒకటి కిందికి వాలుతుందేమో. పేరు, ఊరు చెప్పమనండి. ఒక్కటి తప్పినా 108కి ఫోను చేయండి, గడియారం చూసి వేళ నోటుబుక్కులో రాయండి. పెద్దలు కాసేపు ఆగుదామంటారు, నాలాగే. పది నిమిషాల్లో అదే తగ్గిపోయినా వినకండి. చిన్నా, నీ మొండితనం అప్పుడు పనికొస్తుంది.

అన్నయ్య ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు. ఈ కాగితం చివర ఉన్న వంకర గీత ఆయనదే, పిచ్చిగీత అనుకోకండి.

మీ తాతయ్య