చలిజ్వరం, దోమతెర, పద్నాలుగు రోజులు

పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లోని పిల్లలకు,

వానలు పట్టాయి. గెడ్డల, అంటే కొండవాగుల పక్క ఊళ్లలో చలిజ్వరం, అదే మలేరియా, లేచే రోజులివి. మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

మీ కొండల్లో ఈ జ్వరం తెచ్చే దోమ మురుగులో పుట్టదు. మెల్లగా పారే తేటనీళ్లలో, గెడ్డ ఒడ్డున గడ్డి ఆనుకున్నచోట పుడుతుంది. గోడమీద వాలినప్పుడు చూడండి, తల దించి, తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. కుట్టేది పొద్దుగూకాకే.

గెడ్డలన్నీ బాగుచేయలేం కనుక తెరే మనకు దిక్కు. దోమల మందు పట్టించిన కొత్త తెరను ఒకరోజు నీడలో ఆరేయండి. లేకపోతే మొదటి రాత్రి మొహం మండి, "ఇది మాకు పడదు" అని మూలన పడేస్తారు. అంచులు చాప కిందికి నాలుగువైపులా దోపాలి. చిరుగు కనబడిన రోజే కుట్టేయాలి. ఇరవై ఉతుకుల దాకా మందు ఆగుతుంది. నెలనెలా ఉతికితే రెండేళ్లయినా రాదు, మూడు నెలలకోసారి చాలు. చన్నీళ్లు, ఒంటిసబ్బు వాడి నీడలోనే ఆరేయండి. బండకేసి బాదొద్దు. గెడ్డలో అసలే ఉతకొద్దు, ఆ మందుకు చేపలు చస్తాయి.

ఇంట్లో గోడలకు మందు కొట్టాక రెండున్నర నెలలు అలకొద్దని అమ్మకు చెప్పండి. అలుకు కింద మందు కప్పబడిపోతే దోమ హాయిగా వాలుతుంది.

జ్వరమొస్తే ఆ రోజే ఊళ్లోని ఆశా కార్యకర్త దగ్గరికి వెళ్లండి. వేలినుంచి ఒక్క చుక్క రక్తం చాలు, మలేరియా ఉందో లేదో ఇరవై నిమిషాల్లోపే పరీక్ష కార్డు చెబుతుంది. సి అక్షరం దగ్గర గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు, ఇంకోటి వేయమని అడగండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వైవాక్స్ అనే రకం మలేరియా అని తేలితే క్లోరోక్విన్ మాత్రలు మూడు రోజులు, ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు ఇస్తారు. నాలుగోనాటికి ఒళ్లు చల్లబడుతుంది, పిల్లాడు ఆటకు పోతాడు, మాత్రలు గూట్లో మిగిలిపోతాయి. కానీ క్రిమి కాలేయంలో నక్కి ఉంటుంది. వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపేది ప్రైమాక్విన్. గర్భిణులకు, ఏడాదిలోపు పసివాళ్లకు అది ఇవ్వరు. పరగడుపున వేసుకుంటే కడుపులో నొప్పి, అన్నం తిన్నాకే వేసుకోండి. మూత్రం టీ డికాషన్‌లా నల్లబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మంచం పక్క గోడమీద బొగ్గుతో 14 గీతలు గీయండి. మాత్ర మింగినప్పుడల్లా ఒకటి కొట్టేయండి.

ఆశీస్సులతో,
మీ తాత