పొడగరి పాయింట్లలో పాస్ ఇచ్చినవాడి వాటా

అనంతపురంలో కళాశాలల మధ్య బాస్కెట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు చప్పట్లన్నీ రింగు కింద నిలబడి పాయింట్లు కొట్టే పొడగరికే దక్కుతాయి. "ఆ పొట్టోడు బాల్ ఇయ్యకపోతే ఈ పొడుగోడు ఏం కొడతాడప్పా?" అనే మాట కూడా కోర్టు పక్క గట్టు మీద ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో నిజం ఉంది కానీ, అన్నవారు అనుకున్నంత లేదు.

ముందుగా పని జరిగే తీరు చూద్దాం. బంతిని నడిపించే పాయింట్ గార్డుకు, పొడగరికి మధ్య ఎక్కువగా నడిచే ఎత్తుగడ పిక్ అండ్ రోల్. పొడగరి ముందుకు వచ్చి, గార్డును కాస్తున్న డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడతాడు. ఆ డిఫెండర్ చిక్కుకోగానే గార్డు పక్క నుంచి దూసుకుపోతాడు. అప్పుడు పొడగరిని కాస్తున్నవాడు, గార్డుకు అడ్డుపడాలో తన మనిషినే అంటిపెట్టుకొని ఉండాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అతడు గార్డు వైపు ఒక అడుగు వేశాడంటే పొడగరి వెనుదిరిగి రింగు వైపు పరుగు అందుకుంటాడు, బంతి సరిగ్గా అప్పుడే చేరాలి. సెకనుకు 4 మీటర్ల వేగంతో కదిలే డిఫెండర్ పావు సెకనులో ఒక మీటరు వెనక్కి రాగలడు, రింగు దగ్గర ఆ మీటరే షాట్‌ను మూసేస్తుంది. నేర్పున్న గార్డు ఇద్దరు డిఫెండర్ల సందులోంచి బంతిని నేలకు కొట్టి, పరుగులో ఉన్నవాడి నడుము ఎత్తుకు అందిస్తాడు. అందుకున్నవాడికి డ్రిబుల్‌తో, అంటే బంతిని నేలకు కొడుతూ నడిపించడంతో, పని లేదు, ఆ ఊపుతోనే 3.05 మీటర్ల ఎత్తులో ఉన్న రింగుకు లేస్తాడు. అదే మనిషి రింగుకు వీపు పెట్టి నిలబడి బంతి తీసుకుంటే, రెండు మూడు సార్లు నేలకు కొట్టి, తిరిగి, చేతులెత్తిన డిఫెండర్ మీదుగా వెయ్యాలి, ఈలోగా రెండోవాడు కూడా మీదికి వస్తాడు. నైపుణ్యం రెండు చోట్లా ఒకటే అయినా, దక్కిన షాట్ వేరు.

ఇక అంకెలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో, 2004లో పాయింట్ గార్డు స్టీవ్ నాష్ చేరిన ఫీనిక్స్ సన్స్ జట్టు, అంతకుముందు సీజన్‌లో 29 మ్యాచ్‌లే గెలిచినది, 2004-05లో 62 గెలిచింది. ఆ జట్టు పొడగరి అమారే స్టౌడమైర్ సగటు మ్యాచ్‌కు 20.6 పాయింట్ల నుంచి 26కు, షాట్ల సాఫల్యం (వేసిన షాట్లలో పడినవాటి వాటా) 47.5 శాతం నుంచి 55.9 శాతానికి పెరిగాయి. ఇదంతా నాష్ ఖాతాలో వెయ్యడం తొందరపాటు. హైస్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏకు వచ్చిన స్టౌడమైర్‌కు అది మూడో సీజన్, వయసు 22 ఏళ్లు, ఎవరు పాస్ ఇచ్చినా ఎదిగే వయసు. పైగా బంతి పట్టినవాడిని చేత్తో అడ్డుకోవడంపై ఎన్‌బీఏ ఆ సీజన్ నుంచే నిబంధనను కఠినంగా అమలు చేసింది. దూరం నుంచి వేసే షూటర్లు డిఫెండర్లను బయటికి లాగడంతో రింగు దగ్గర జాగా కూడా పెరిగింది.

అందుకే జంట కలిసిన సంవత్సరం కన్నా విడిపోయిన సంవత్సరమే నమ్మదగిన సాక్ష్యమని నా అభిప్రాయం. 2010లో స్టౌడమైర్ న్యూయార్క్‌కు వెళ్లాక అతడి సగటు 23.1 నుంచి 25.3కు పెరిగింది, సాఫల్యం మాత్రం 55.7 నుంచి 50.2 శాతానికి పడింది. అంటే నాష్ లేకున్నా పాయింట్లు వచ్చాయి, కాకపోతే వాటికి ఎక్కువ షాట్లు ఖర్చయ్యాయి. మ్యాచ్‌కు 17 షాట్లు వేసేవాడికి ఐదున్నర శాతం తేడా అంటే దాదాపు ఒక బాస్కెట్, రెండు పాయింట్లు. 2004-05లో చూసేవారికి కనబడిన 5.4 పాయింట్ల పెరుగుదలలో ఇది సగానికన్నా తక్కువే. 2012లో నాష్ ఫీనిక్స్ వదిలాక ఆ జట్టు పొడగరి మార్సిన్ గోర్టాట్‌కు మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది: 15.4 పాయింట్ల సగటు 11.1కు, సాఫల్యం 55.5 నుంచి 52.1 శాతానికి దిగాయి. తనంతట తాను షాట్ సృష్టించుకోలేని పొడగరికి గార్డు అవసరం అంత ఎక్కువ.

అయితే డంక్ (ఎగిరి బంతిని చేత్తో నేరుగా రింగులోకి దించడం) తప్ప మరో షాట్ జోలికి పోనివాడి లెక్క మళ్లీ వేరు. పొడగరి డీఆండ్రే జోర్డన్ 2010-11లో, గార్డు క్రిస్ పాల్ తన జట్టులోకి రాకముందే, 68.6 శాతం సాధించాడు. పాల్‌తో ఆడిన తొలి సీజన్‌లో అది 63.2కు తగ్గి, తర్వాత 2014-15కల్లా 71 శాతానికి చేరింది. మరో పొడగరి టైసన్ చాండ్లర్ కూడా వేరే జట్టులో పాల్ పక్కన 2007-08లో 62.3 శాతం సాధించి, అతడు లేని న్యూయార్క్‌లో 2011-12లో 67.9 శాతంతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. ఇలాంటివారికి గార్డు వల్ల పెరిగేది శాతం కన్నా షాట్ల సంఖ్య.

మన జిల్లా పోటీల్లో ఈ లెక్క తీయడం కుదరదు, ఎందుకంటే అంతర్జాతీయ సమాఖ్య ఫీబా స్కోరు షీటులో పడిన బాస్కెట్లు, ఫౌళ్లు, టైమవుట్లు ఉంటాయి గానీ తప్పిన షాట్లకు, అసిస్టులకు (బాస్కెట్ పడేలా ఇచ్చిన పాస్‌లకు) చోటు లేదు. బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి, పొడగరి బంతిని ఎక్కడ అందుకున్నాడు, ఎన్ని డ్రిబుళ్లు చేశాడు, షాట్ పడిందా లేదా అని రాయిస్తే చాలు. మొదటి గార్డు కోర్టులో ఉన్నప్పటి పేజీలను, అతడు విశ్రాంతిలో ఉన్నప్పటి పేజీలను పక్కపక్కన పెట్టి చూస్తే, ముందుగా తేడా కనబడేది డ్రిబుళ్ల గడిలోనేనని నా అంచనా.