చితిలో వేడి ఎటు పోతోంది?

ఆరుబయట చితి మీద ఒక దేహం పూర్తిగా కాలడానికి మామూలుగా 400 నుంచి 600 కిలోల కట్టె పడుతుంది. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 65 కిలోల మనిషిలో దాదాపు 40 కిలోలు నీరే. ఆ నీరంతా ఆవిరవడానికి కావలసిన వేడి ఏడెనిమిది కిలోల ఎండుకట్టెలో ఉంటుంది. ఒంట్లోని కొవ్వు కూడా మండేదే. ఎముక కాలడానికి వేడి చాలాసేపు నిలవాలి, నిజమే. అయినా అన్ని దుంగలు ఎందుకు?

వేడిలో చాలావరకు గాలికి పోతోంది. నాలుగు పక్కలా చెదిరిపోతుంది, కొంత నేల పీల్చుకుంటుంది. నేలకు ఆనిన దుంగలకు గాలి ఆడదు. అవి సరిగా మండక పొగ కక్కుతాయి. వానాకాలంలో పచ్చికట్టె దొరికితే ఆ తడి ఆరడానికే బోలెడంత మంట ఖర్చు. కాటికాపరి గడకర్రతో ఎగదోస్తూ గంటల తరబడి ఆ పొగలోనే నిలబడాలి. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు కూడా అతని ఊపిరితిత్తుల మాట ఎత్తరు. నాకు అదే బాధ.

1992లో ఢిల్లీలో మొదలైన మోక్షద సంస్థ ఈ లోపాన్నే సరిచేసింది. ఎత్తుగా ఉన్న ఇనుప చట్రం మీద చితి పేరుస్తారు. కింద నుంచి గాలి అందుతుంది, పైనున్న కప్పు వేడిని పట్టి ఉంచుతుంది, పొగగొట్టం పొగను పైకి లాగేస్తుంది. కట్టె 150–200 కిలోలతో సరిపోతుంది. ప్రదక్షిణ, తలకొరివి, సంచయనం అన్నీ యథావిధిగా జరుగుతాయి. కరెంటు దహనవాటికకు చాలామంది వెనకాడేది ఇక్కడే: తలుపు మూసేశాక కపాలమోక్షం ఎలా? అది మూర్ఖత్వమని నేననుకోను. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఆ క్రతువే ఊతం.

కాల్చని దారులూ ఉన్నాయి. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ 2021లో కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని క్షారం కలిపిన వేడి నీటిలో కరిగించారు. ఎముకలు మాత్రం మిగులుతాయి, వాటిని పొడి చేసి ఇస్తారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2019లో దేహాన్ని ఎరువుగా మార్చడానికి చట్టం చేసింది. పెట్టె లేకుండా, రసాయనాలు ఎక్కించకుండా మట్టి చేయడం మాత్రం మన లింగాయతులకు, ముస్లింలకు తరతరాల ఆచారం.

మన దగ్గర శవం లేచేలోపు ఉండేది కొన్ని గంటలే. అప్పుడు ఇంట్లో ఎవరికీ కొత్త పద్ధతి వెతికే ఓపిక ఉండదు, ఊరి శ్మశానంలో ఏముంటే దాంతోనే కానిస్తారు. తెలంగాణ పల్లెల్లో వైకుంఠధామాలు ఇప్పటికే కట్టారు, దహన వేదికలూ ఉన్నాయి. వాటి కింద గాలి ఆడే చట్రం, పైన పొగగొట్టం పెట్టించమని గ్రామసభలో అడగవచ్చు.