కరెంటు వచ్చినా తిరగకూడని మోటారు

అనంతపురం జిల్లాలో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు చాలా చోట్ల కనిపిస్తాయి. ఏ అర్ధరాత్రి కరెంటు వచ్చినా రైతు చీకట్లో చేనికి పోనక్కర్లేదు, మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. అదే పని వడ్రంగి షెడ్డులో రంపం మిషన్ చేస్తే చేతి వేళ్లు పోతాయి.

మా బాబాయి షెడ్డులో నా కళ్ల ముందే ఇది జరిగింది. చెక్క కోస్తుండగా కరెంటు పోయింది. ఇరుక్కున్న ముక్కను లాగి ఇలా పక్కకు తిరిగాడో లేదో, రంపం గిర్రున తిరిగింది. వేళ్లకూ రంపం పళ్లకూ మధ్య బెత్తెడు దూరం. స్విచ్ ఆఫ్ చేయడం మరిచిపోయాడు, అంతే.

అది ఇళ్లలో వాడే మామూలు స్విచ్. ఆన్‌లో వదిలితే ఆన్‌లోనే ఉంటుంది. మిషన్‌కు కావాల్సింది నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్విచ్. పచ్చ బటన్ నొక్కగానే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను, అంటే కరెంటును కలిపే లోహపు ముక్కలను, పట్టుకుంటుంది. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది, స్ప్రింగ్ వాటిని విడదీస్తుంది. మళ్లీ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. మీ మిషన్ సంగతి తెలియాలంటే, అది ఖాళీగా తిరిగేటప్పుడు మెయిన్ ఆపి, పూర్తిగా నిలిచాక దూరంగా ఉండి మళ్లీ వేసి చూడండి.

ఆ పాత స్విచ్ విప్పితే కాంటాక్టులు నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. సింగిల్ ఫేజ్‌లో అలాంటి మోటారు నడిచేటప్పుడు సుమారు 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు! ఆగి ఉన్న మోటారులో కరెంటును అడ్డుకునే ఎదురు వోల్టేజీ ఇంకా పుట్టదు కాబట్టి. ఇక ఆపేటప్పుడు, వైండింగ్‌లో (మోటారు లోపలి తీగ చుట్టలో) ఉన్న అయస్కాంత శక్తి కరెంటును చటుక్కున ఆగనివ్వదు. కాంటాక్టుల మధ్య నిప్పు లేస్తుంది, ఒక్కోసారి అవి అతుక్కుపోతాయి కూడా. అప్పుడు స్విచ్ ఆపినా మోటారు ఆగదు.

అందుకే కాంటాక్టర్, అంటే కాయిల్‌తో కాంటాక్టులను కలిపే ఆ స్విచ్, కొనేటప్పుడు దాని మీద ఆంపియర్ల పెద్ద అంకె చూసి మోసపోకండి. ఏసీ-1 అని రాసిన ఆ అంకె హీటర్లలాంటి వాటికి. మోటారుకు చూడాల్సింది ఏసీ-3 అంకె, అది తక్కువే ఉంటుంది. మోటారు మోతాదు మించి కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు సెట్ చేయించండి.

బాబాయి మిషన్‌కు ఇప్పుడు ఈ కాంటాక్టర్, రిలే కలిసిన స్టార్టర్ ఉంది. దాని ఎర్ర బటన్‌ను బల్ల ముందు, మోకాలికి అందేలా బిగించాం. రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు ఖాళీగా ఉండేది మోకాలే.